వెనకగది తాళం

“మసి ఏదే? కుంపటి అడుగున గీకి పట్టుకురా, తొందరగా!” కయొండో కేకేశాడు.

“గీకుతూనే ఉన్నాను. నా చేతులు చూడండి, బొగ్గులమ్ముకునేదాన్లా అయ్యాయి.” నలుబెగ గిన్నెడు మసి తెచ్చి మొగుడి ముందు పెట్టింది. “మామ్మగారు దర్జీ వాళ్ళింట్లోంచి బయటికొచ్చేసింది. తర్వాత మన గుమ్మమే.”

నన్సానా పేటలో ఆ వరస ఇళ్ళన్నీ నస్సూనా మామ్మగారివే. పొద్దున్నుంచీ ఒక్కో గుమ్మం ఎక్కి దిగుతోంది. ఎవరింట్లో కొత్త కళ కనబడితే వాళ్ళకు అద్దె పెంచుతోంది. కిటికీకి దోమల జాలీ కొట్టించుకున్న పాపానికి దర్జీకి పెరిగింది. ఆ పెంపు తమ దాకా వస్తే కూతురు సన్యు బడి ఫీజు కట్టడం కయొండో వల్ల కాదు. పిల్లని చదువు మాన్పించి ఊళ్ళో అమ్మమ్మ దగ్గరికి పంపెయ్యడం ఒక్కటే దారి.

అందుకే ముందుగది గోడలకు గుడ్డతో మసి పూస్తున్నాడు. ఇల్లు బాగుచేసుకోవడానికి చెమటోడ్చేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, పాడుచేసుకోవడానికి చెమటోడ్చే ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుని తనలో తానే నవ్వుకున్నాడు.

“మరి వెనకగది?” అంది నలుబెగ.

“దాని జోలికి వెళ్ళావంటే ఊరుకోను.”

“నేనెందుకు వెళ్తానూ? దానికి మసి అక్కర్లేదులెండి.”

“అదీ మాట! తాళం వేసెయ్, కనబడకపోతే చాలు.”

వెనకగది అతని ప్రాణం. ఎన్ని ఆదివారాలు ధారపోశాడో దానికి! పెద్ద భవంతులు కట్టేచోట పారేసిన టైల్స్ ముక్కలు గోనెసంచుల్లో మోసుకొచ్చి నేలంతా పరిచాడు. వాళ్ళింట్లో వీళ్ళింట్లో డబ్బాల అడుగున మిగిలిన రంగులన్నీ ఒకే బకెట్లో కలిపి గోడలకు కొట్టాడు. మేస్త్రీని పిలిచే స్తోమతు లేదు, సలహా అడిగే అలవాటు లేదు. తలుపు బిగిస్తూ తనే లోపల ఇరుక్కుపోతే ఆ పూట నలుబెగ కిటికీలోంచి ఉడికించిన అరటికాయ ముద్ద, మటోకే, అందించింది. ఆ ముచ్చట పదిమందికీ చెప్పి తనమీద తనే నవ్వుకునేవాడు. నవ్వు నవ్వే, పని పనే. అలాంటి గది రాజుగారి మేడలోనైనా ఉందా అని అతని అనుమానం.

“లోపల ఎవరర్రా?”

మామ్మగారు గుమ్మం బయట చెప్పులు విడిచి, ఒట్టి కాళ్ళతో లోపలికొచ్చింది. నలుబెగ మసిచేతులు వెనక్కి పెట్టుకుని పెద్దవాళ్ళ ముందు చేసినట్టే మోకాళ్ళమీద కూర్చుని పలకరించింది. మామ్మగారు ఆమెను కుశలమడిగి, కూతురిని అడిగి, ఆ తర్వాత గోడల వైపు తిరిగింది.

“ఇదేం మసి నాయనా?”

“ఇల్లు బాగా పాతబడిపోయింది మామ్మగారూ,” కయొండో నిట్టూర్చాడు. “ఎలాగో నెట్టుకొస్తున్నాం.”

మామ్మగారు వేలితో గోడను గీసి చూసింది. మసి వేలికంటుకుంది, దాని కింద గోడ తెల్లగా మెరిసింది.

“తడిగుడ్డ పెడితే పోతుంది. గోడ గుండ్రాయిలా ఉంది. అద్దె పెంచక తప్పదయ్యా, వచ్చే నెలనుంచి...” అని, అక్కడ ఆగింది. “ఆ గదికి తాళమేంటి?”

“అందులో... పందికొక్కు దూరింది మామ్మగారూ.”

“నేను చూడని పందికొక్కా? తియ్యి.”

“కరుస్తుంది మామ్మగారూ!”

“నా ఇంట్లో ఉంటూ నన్నే కరుస్తుందా? తియ్యమంటుంటే!”

కయొండో కదల్లేదు. ఈలోగా నలుబెగ లేచి, నడుముకు కట్టుకున్న గుడ్డముడిలోంచి తాళంచెవి తీసి మామ్మగారి చేతిలో పెట్టింది. అతను నిలువునా నీరైపోయాడు. కట్టుకున్న పెళ్ళామే పట్టిచ్చాక ఇంక ఎవరిని ఏమనుకుంటాడు?

తలుపు కిర్రుమంది. అయిపోయింది, పిల్ల చదువు అటకెక్కినట్టే అనుకున్నాడు. కానీ మనిషి బుద్ధి ఎంత పాడుదో చూడండి. అంత బాధలోనూ ఒక మూల ఆశ. ఎలాగూ కొంప మునిగింది కదా, ఆ ఒక్క మెప్పుమాటేదో చెవినపడితే బాగుండును!

మామ్మగారు గడప దాటి ఒక్క అడుగు వేసి, చటుక్కున కాలు వెనక్కి తీసుకుంది. నేలను చూసింది. గోడలను చూసింది. మూలన కయొండో బిగించిన చెక్క అరను తల ఒకపక్కకు వాల్చి చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కయొండో ఛాతీ ఉబ్బింది. ‘అంతా నా చేతిపనే మామ్మగారూ’ అనడానికి నోరు తెరిచాడు.

ఆవిడ వెనక్కి తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. అతని మసిచేతులు రెండూ పట్టుకుంది.

“నాయనా, ఇంత ఘోరం జరిగితే నాకు కబురైనా పెట్టలేదేం? రేపే మేస్త్రీని పంపుతాను, ఇదంతా పెళ్ళగించి మళ్ళీ వేస్తాడు. అది పూర్తయ్యేదాకా పెంపూ లేదు, గింపూ లేదు, ఇప్పుడిచ్చే అద్దెలో సగమిచ్చినా చాలు. ఇంతకీ మీమీద ఇంత కక్ష ఎవరికయ్యా? ఈ పాడుపని చేసిందెవడు?”

కయొండో భార్యవైపు చూశాడు. ఆమె తలవంచుకునే ఉంది గానీ, భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి.

“తెలీదు మామ్మగారూ,” అన్నాడు. “దొరికితే మాత్రం వాణ్ణి వదిలిపెట్టను.”