ఊపిరి బిగపట్టండి

స్ట్రెచర్ మీద వచ్చినవాడి ఒళ్లంతా రక్తమే. లారీల అడ్డా దగ్గర కొట్లాటలో ఎవరో ఇనుప రాడ్‌తో పొట్ట మీద బాదారు. వెంట ఒక కానిస్టేబుల్ వచ్చాడు.

“ఇదే నీ ప్రాక్టికల్ పరీక్ష,” అంది మేడమ్, ట్రైనీతో. సీటీ స్కాన్ నేర్పడంలో ఆమెను మించిన రాక్షసి లేదు. “లోపల ఎక్కడ చిట్లిందో బొమ్మలో తెలియాలి. కదిలాడా, బొమ్మ అలుక్కుపోతుంది. బొమ్మ లేనిదే సర్జన్ కత్తి పట్టడు. వీడు పోతాడు, నువ్వు తప్పుతావు.”

ట్రైనీ వాణ్ణి స్కాన్ బల్ల మీద పడుకోబెట్టి బెల్టు బిగించింది. వాడు కిక్కురుమనలేదు. చేతులు తల పైకి పెట్టమంటే పెట్టాడు. సూది గుచ్చినా మూలగలేదు. ఇంత బుద్ధిమంతుడు అన్ని తన్నులెలా తిన్నాడో!

ట్రైనీ అద్దం ఇవతలి గదిలోకి వచ్చి బటన్ నొక్కింది. బల్ల మిషన్ రింగులోకి జరిగింది. స్పీకర్లోంచి ఎప్పుడూ వచ్చే రికార్డు ఆడగొంతు మెత్తగా పలికింది.

“ఊపిరి పీల్చుకోండి. బిగపట్టండి.”

వాడు గావుకేక పెట్టాడు. బెల్టు తెంచుకున్నాడు. సూది ఊడి రక్తం రింగు మీద చిమ్మింది. ట్రైనీ పరుగెత్తి భుజం పట్టుకోబోతే మోచేత్తో ముఖం మీద గుద్దాడు. ఆమె ముక్కు పగిలింది.

“ఎక్కడుంది అది? దాని నోరు మూయించండి!” అని అరిచాడు వాడు.

కానిస్టేబుల్ వాడి మీద పడి అణిచాడు.

“మిషన్ అంటే భయం. చాలామందికి ఉండేదే,” అంది మేడమ్. మత్తు ఇద్దామంటే బీపీ పడిపోతోంది, డాక్టరు వద్దన్నాడు.

ఇంకో సూది, ఇంకో బెల్టు. గొంతు పలికిందో లేదో, వాడు కానిస్టేబుల్ చొక్కా చింపి, సెలైన్ స్టాండు పీకి స్పీకర్ మీదికి విసిరాడు. గురి తప్పి అద్దం బీటలు వారింది. ఆ తర్వాత వెల్లకిలా పడిపోయాడు. పెదాలు తెల్లబడ్డాయి.

ట్రైనీ ముక్కుకి దూది అడ్డం పెట్టుకుంది.

“మేడమ్, వీడికి మిషన్‌తో పేచీ లేదు. ఆ గొంతు వచ్చేదాకా కుదురుగానే ఉన్నాడు. రికార్డు ఆపేసి నేనే మైకులో చెప్తాను.”

ఆ గొంతు ఆపడమంటే మేడమ్‌కి ప్రాణం ఒప్పదు. ఒక్క క్షణం నసిగింది.

“సరే, ఆపెయ్. మన బల్ల ఎక్కాక వాడు మనవాడే.”

మేడమ్ రేడియేషన్ తగలకుండా బరువైన ఏప్రన్ తొడుక్కుని లోపలికి వెళ్లింది. వాడి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

“ఊపిరి పీల్చు బాబూ. బిగపట్టు. కదలకు,” అంది ట్రైనీ మైకులో.

వాడు కదల్లేదు. బొమ్మ తేటగా వచ్చింది. ప్లీహం చిట్లి పొట్టంతా రక్తం. అటునుంచి అటే ఆపరేషన్ గదికి తోసుకెళ్లారు.

సాయంత్రానికి సర్జన్ దగ్గర్నుంచి కబురొచ్చింది. ప్రాణానికి ఢోకా లేదట. కాస్త ఆలస్యమైనా దక్కేవాడు కాదట.

“పాసయ్యావు పో. ముందు ఆ ముక్కు చూపించుకో,” అని మేడమ్ ట్రైనీ వీపు తట్టింది. మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక మనిషిని బతికించామన్న సంతోషం అది.

రక్తం తుడిపించాక మేడమ్ రికార్డు మళ్లీ పెట్టి చూసింది. చిరిగిన చొక్కా సర్దుకుంటూ కానిస్టేబుల్ విన్నాడు.

“ఇంత చల్లని గొంతుకి వాడంత రచ్చ చేశాడేంటి మేడమ్? ఎవరిదిది?”

“మా చెల్లిది,” అంది మేడమ్, “ఇక్కడే పనిచేసేది, రోజూ ఫోన్లు చేసి వేధించిన వాడెవడో పోయినేడాది దాని గొంతు నులిమి చంపేశాడు, ఇంతవరకూ దొరకలేదు.”