కాశీలో వదిలిన కాయ

చెత్తబుట్టలో నారింజరంగు చెక్కు కనిపించగానే ఉదయలక్ష్మి వంటమనిషి వైపు గిరుక్కున తిరిగింది.

"కృపమ్మా, సూప్‌లో ఏం వేశావు?"

"గుమ్మడికాయనమ్మా. మా ఇంటి ముంగట కాసింది. యూరియా లేదు, మందుల్లేవు, అచ్చం పెంట ఎరువే. ఉడకబెట్టి, మెత్తగ చేసి, జర అల్లం, మిరియాలు ఏసిన. పెద్దమ్మ రెండు గ్లాసులు తాగింది."

చలిజ్వరంతో మంచం పట్టిన అత్తగారు వెంకాయమ్మ నాలుగు రోజులుగా ఏమీ తినడంలేదు. జావ పెడితే తల తిప్పేసుకుంది, ఇడ్లీ పెడితే నోరు తెరవలేదు. ఈ రోజూ ఇంతే అయితే సాయంత్రం ఆస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. ఎనభై రెండేళ్ల మనిషిని అంత హింస పెట్టాలా అని ఉదయలక్ష్మి పొద్దున్నించీ కుమిలిపోతోంది. ఎల్.బి.నగర్‌లో తను పనిచేసే బ్యాంకులో సగంపూట సెలవు పెట్టి, దిల్‌సుఖ్‌నగర్ ఇంటికి పరుగున వచ్చిందీ అందుకే. అత్తగారు రెండు గ్లాసులు తాగిందంటే ఎగిరి గంతెయ్యాలి. కానీ తాగింది గుమ్మడికాయ సూప్.

వెంకాయమ్మ చిన్నకొడుకు గౌతమ్‌కి గుమ్మడికాయంటే ప్రాణం. వాడి అస్థికలు గంగలో కలిపిన రోజున ఆవిడ కాశీలో గుమ్మడికాయ వదిలేసింది. కాశీలో వదిలినదాన్ని బతికున్నన్నాళ్లూ ముట్టకూడదు. పన్నెండేళ్లుగా అది ఆ వంటింటి గడప తొక్కలేదు.

ఉదయలక్ష్మి నోటికొచ్చినట్టు అనేసింది. అడక్కుండా ఎందుకు వండావంది. నెలరోజులు చెప్పాపెట్టకుండా మానేసి, నిన్ననే పనిలోకొచ్చి, అప్పుడే ఈ ఘనకార్యం ఏమిటంది. ఎందుకు మానేసిందో నిన్న కృపమ్మ చెప్పబోతే, ఆ కథలన్నీ తరవాత అని తనే నోరు మూయించింది. అదిప్పుడు గుర్తు రాలేదు.

కృపమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మేం చర్చికి పోయేటోళ్లం. కాశీ సంగతి నాకెట్ల ఎర్కయితదమ్మా? గిదేం కాయ అని పెద్దమ్మ అడిగింది. గుమ్మడికాయ అని చెప్పినంకనే తాగింది."

ఆ మాటతో ఉదయలక్ష్మి భయం ఇంకా పెరిగింది. తెలియక తాగితే దోషం లేదని సరిపెట్టుకోవచ్చు. పేరు విని మరీ తాగిందంటే, ఇక ఆవిడకి మతి పోయినట్టే. ముద్ద దిగలేదని ఏడుస్తుంటే జ్వరం మనిషినే మింగేసిందన్నమాట. జ్ఞాపకంలోంచి కాశీ పోయింది, గౌతమ్ పోయాడు, రేపో మాపో తననీ ఎవరమ్మా నువ్వని అడుగుతుంది. కళ్లు తుడుచుకుని గదిలోకి వెళ్లింది.

వెంకాయమ్మ శాలువా కప్పుకుని దిండుకి చేరబడి కూర్చుంది. నాలుగు రోజుల తరవాత మొహంలో కాస్త జీవం కనిపిస్తోంది. ఆ సంతోషాన్ని కూడా అనుభవించలేకపోయింది ఉదయలక్ష్మి.

"అత్తయ్యా, గౌతమ్ ఎవరో గుర్తుందా?"

వెంకాయమ్మ దిండు మీంచి ముందుకి వంగింది.

"నాకు మతి పోయిందనుకుంటున్నావా? వాణ్ని కన్నదాన్నే."

"అది గుమ్మడికాయ సూప్ అత్తయ్యా."

"తెలుసు."

"మరెందుకు తాగారు?"

వెంకాయమ్మ వంటింటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"కృపమ్మ కొడుకు పోయి నెలయిందటే. వాడు పెట్టిన పాదుకి తొలికాయ కోసుకొచ్చి, గ్లాసు పట్టుకుని ఆ తల్లి నా ఎదురుగా నిలబడితే, వద్దని ఎలా అనను?"