ఒడి లేని బట్ట

"ఆ ప్యాంటు ఇడిసి చీర కట్టుకొని రా. అట్లయితేనే నా సేన్లో అడుగు పెట్టు" అన్నాడు దేవేంద్రప్ప, గట్టు మీద చేతికర్ర అడ్డం పెట్టి.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఆలూరు దగ్గరి ఆ నల్లరేగడి చేలో శనగ మొక్కలన్నీ మంచుకు తడిసి ముద్దయ్యాయి. పదిమంది ఆడకూలీలు కొంగులు తలకు చుట్టుకుని గడగడా వణుకుతున్నారు. పదకొండో మనిషి ఏసుమణి. ఆమె మాత్రం వణకడం లేదు. నల్ల ట్రాక్ ప్యాంటు, ఒకదాని మీద ఒకటి రెండు పొడుగు చేతుల చొక్కాలు, చేతులకు వేళ్ల దగ్గర కత్తిరించిన మేజోళ్లు. అదీ ఆ రోజు కొత్తగా ఆమె వేషం.

"చీర సంచిలో ఉండాదప్పా. పనయినాంక కట్టుకుంటా" అంది.

"ఆడదానివి ప్యాంటేసుకొని నలుగుర్లో వొంగి పని చేస్తావా? సిగ్గుండల్ల!"

"మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టుకొని వొంగితే సిగ్గు కాదు గానీ, నిండుగా ప్యాంటేసుకుంటే సిగ్గా? గిడ్డమ్మత్త కాళ్లు సూడు ఒకసారి!"

గిడ్డమ్మ గబుక్కున చీర కిందికి లాక్కుంది. శనగాకు మీది మంచులో పులుపుంటుంది. అది రోజూ తగిలి తగిలి ఆ ముసలామె పిక్కలు ఎర్రగా పొక్కిపోయాయి.

"చలేస్తే స్వెట్టరేసుకో. ఎవరొద్దన్నారు?" అన్నాడు దేవేంద్రప్ప. ఆయన ఒంటి మీద స్వెట్టరుంది. దాని మీద శాలువా ఉంది. తలకు మంకీ టోపీ కూడా ఉంది.

"ఏసుకొని సూసినాలే. మంచుకు నాని మణుగు బరువైతాది. శనగకట్టెకు తగులుకుంటాది. చెయ్యి ముడుసుకోదు, నడుం వొంగదు. గట్టు మీద నిలబడేటోనికి స్వెట్టరు సరిపోతాది. పీకేదాన్ని నేను. ఏ బట్టతో పని జరుగుతాదో నాకు తెలీదా?"

"ఊరుకోమ్మే మణీ" గిడ్డమ్మ ఆమె చెయ్యి గిల్లింది. "ఈ పొద్దు ఆఖరి రోజు. ఒడి పోగొట్టుకుంటావ్."

ఆ ఊళ్లో శనగ పీకుడు ఆఖరి రోజున కూలి కాక కళ్లంలో ఒక్కొక్క ఆడమనిషికి ఒడి నిండా శనగలిస్తారు. కొంగు దోపి ఒడి కడితే అందులో ఎంత పడితే అంత. ఏసుమణి ఇంట్లో నెలల తరబడి పప్పయినా, గుగ్గిళ్లయినా వాటితోనే.

ఆ మాట దేవేంద్రప్ప చెవిన పడనే పడింది. ఎండెక్కితే కాయలు పటపటా రాలిపోతాయి, అందుకే పనిచేసే మనిషిని వెళ్లగొట్టే ధైర్యం ఆయనకు లేదు. ఇప్పుడు మంచి ఉపాయం దొరికింది.

"బాగ చెప్పినావ్ గిడ్డమ్మా! ప్యాంటుకు ఒడి యాడుంటాది? పని చెయ్యి, కూలి తీసుకో. ఒడి మాత్రం లేదు నీకు."

ఏసుమణికి ఒళ్లు మండిపోయింది. సంచిలోంచి చీర తీస్తే గొడవే లేదు. తియ్యలేదు. "సూస్తాలేప్పా" అని సాల్లోకి దిగింది.

అందరికన్నా ముందు గట్టు చేరింది ఆమె సాలే. గొంతుక్కూర్చుని, ఎటు కావాలంటే అటు తిరిగి, తడి గిడి లెక్కచెయ్యకుండా పీకేసింది. పక్క సాల్లో గిడ్డమ్మ తడిసిన కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుని రెండుసార్లు కూలబడింది. ఆమె సాలు కూడా సగం ఏసుమణే పీకింది.

ముందు రోజుల్లో పీకి ఆరబెట్టిన కట్టెను మిషను ఆడించేసరికి మధ్యాహ్నమైంది. కళ్లంలో శనగల రాశి పడింది. ఏసుమణి ట్రాక్టరు చాటుకు పోయి చీర కట్టుకుంది. తీసిన బట్టలు సంచిలో కుక్కుకుని, వచ్చి వరసలో ఆఖరున నిలబడింది. ఒక్కొక్కరే ఒడి నింపుకుని పక్కకు జరిగారు. ఆమె కొంగు దోపుకుని ముందుకు రాగానే దేవేంద్రప్ప మళ్లీ కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగాగు. ఈ చీర చెల్లదు."

"ఏం, దీనికేమొచ్చింది?"

"పనిలో ఏ బట్ట ఏసుకుంటే ఆ బట్టలోనే ఒడి. మా నాయన కాలం నుంచి అదే పద్ధతి. పొద్దున నువ్వు చీరలో ఉన్యావా? లేవు. పో, పో."

అలాంటి పద్ధతి ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. ఆ క్షణాన పుట్టించాడని అందరికీ తెలుసు. అయినా ఎవరి మూటలు వాళ్లు సర్దుకోవడంలో పడ్డారు. మళ్లీ పనికి ఆయన చేనికే రావాలి కదా!

ఏసుమణి రాశి వైపు చూసింది. ఇంతలేసి గింజలు, ముందు రోజుల్లో ఆమె పీకిన సాళ్లవి కూడా అందులో ఉన్నాయి. తర్వాత చేతిలో సంచి వైపు చూసింది.

"ఇంగోసారి చెప్పప్పా, అందురూ వినేటట్ల. పనిలో ఏసుకున్న బట్టలో ఎంత పడితే అంత. అంతే గదా?"

"అంతే! మాట తప్పితే ఈ మీసం తీసేస్తా."

ఏసుమణి సంచిలోంచి ట్రాక్ ప్యాంటు లాగింది. రెండు కాళ్ల చివర్లూ గట్టిగా ముడేసింది. నడుం దగ్గర తెరిచి, "పట్టుకో అత్తా" అంది.

గిడ్డమ్మ తన మూట కింద పెట్టి వచ్చి పట్టుకుంది. ఏసుమణి చేటతో ఎత్తి పోసింది. ఎడమ కాలు నిండింది. కుడి కాలు నిండింది. తొడల దాకా, ఆపైన నడుం దాకా వచ్చింది. బొందు బిగించి కట్టి పక్కన పెడితే, ఎవరో కాళ్లు చాపుకుని కూర్చున్నట్టే ఉంది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు.

దేవేంద్రప్ప మొహం మాడిపోయింది. చెయ్యి మీసం మీదికి పోయి వచ్చింది. "సర్లే, తీస్కపో! ఇంక నడు ఈడనుంచి!" అని రాశికి అడ్డంగా నిలబడ్డాడు.

"అప్పుడే యాడికప్పా?" ఏసుమణి మళ్లీ సంచిలో చెయ్యి పెట్టింది. "పొద్దున రెండు చొక్కాలు గూడా ఏసుకునింటి గదా!"