అరచేతి తీర్పు

"మళ్ళీ ఆడావు," అన్నాడు అంకమ్మరావు, కంప్యూటర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి.

"ఆడలేదు నాన్నా! కాలేజీ నుంచి ఇప్పుడేగా వచ్చింది. బూట్లు కూడా విప్పలేదు."

"మరి ఇదెందుకు కాలతంది? జొరమొచ్చిందా?"

వేణుగోపాల్ తనూ చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగానే ఉంది. ఇంటర్ పరీక్షలయ్యేదాకా ఆదివారం పొద్దున ఒక్క గంటే ఆడతానని తండ్రికి మాటిచ్చాడు. మాట తప్పితే పెట్టె ఇంట్లో ఉండదని తండ్రి అప్పుడే తేల్చి చెప్పాడు.

అంకమ్మరావు చిలకలూరిపేటలో పత్తి కొంటాడు. పత్తి కుక్కిన బోరెంలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి చెమ్మ ఎంతుందో చెప్పాడంటే ఇక దానికి తిరుగులేదు. ఇంట్లో కూడా ఆ చేతిదే ఆఖరి మాట.

"ప్రాసెసర్ వేడెక్కిపోతోంది నాన్నా. మొన్న ఆదివారం ఆటలో కారు మలుపు తిప్పుతుంటే టక్కున ఆగిపోయింది. ఏదో తేడా ఉంది."

"ఆడితే వేడెక్కుద్ది. ఆపేసిన మిషను వేడెక్కుద్దంట్రా? ఎవరికి చెప్తావు కబుర్లు!"

అదే వేణుకీ అర్థం కాలేదు. మర్నాడు పొద్దున్నే లేచి పెట్టె పక్కమూత విప్పాడు. ప్రాసెసర్ మీది ఫ్యాను నిండా దూది. పాత బ్రష్షుతో దాన్నంతా దులిపాడు. ప్రాసెసర్‌కి వేడి లాగే పేస్టు కొత్తగా రాశాడు. గాలి ఆడుతుందని పెట్టెను గోడకి ఎడంగా జరిపాడు.

"ఈ దూదంతా నీ చొక్కాల మీద నుంచే నాన్నా," అన్నాడు.

"ఓహో, ఇప్పుడు తప్పు నా చొక్కాలదా? బాగుందిరా వరస!"

సాయంత్రం వస్తూనే అంకమ్మరావు మళ్ళీ చెయ్యి పెట్టాడు. పెట్టె వెచ్చగానే ఉంది.

వేణుకి పౌరుషం వచ్చింది. కీబోర్డూ మౌసూ ఊడబీకి తండ్రి చేతిలో పెట్టాడు. "బీరువాలో పెట్టి తాళం వేసుకో. రేపు చూద్దాం."

ఈ గొడవేదీ వేణు తల్లి సుబ్బరావమ్మకి తెలియదు. తండ్రీకొడుకుల పంచాయితీ నడిచే వేళకి ఆవిడ దొడ్లో గేదె దగ్గర ఉంటుంది. "మీ అమ్మ చెవిన పడితే నిన్ను వెనకేసుకొస్తది. చెప్పావో, చూడు!" అని అంకమ్మరావు కొడుకు నోరు ముందే కట్టేశాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆయన కాస్త మెత్తబడ్డాడు. కుర్రాణ్ణి మరీ అనుమానిస్తున్నానేమో అనిపించింది. సుబ్బరావమ్మ పెరుగు వడ్డించింది. గరిటె నిలబడేంత గట్టి పెరుగు.

"ఇంత చలిలో ఎవరింట్లోనన్నా ఇట్టా తోడుకుంటదంట్రా? మీ అమ్మ చేతి మహిమ!" అన్నాడు తృప్తిగా. సుబ్బరావమ్మ ముసిముసిగా నవ్వుకుంది.

మర్నాడు సాయంత్రం అరచెయ్యి మళ్ళీ పెట్టె మీదికి వెళ్ళింది. వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"గౌస్ బాషా నీ జతగాడేగా? వాళ్ళింట్లో ఉన్న కీబోర్డు తెచ్చుకుని ఆడుతున్నావన్న మాట. అంటే కాలేజీ కూడా ఎగ్గొడుతున్నావు!"

"ఒట్టు నాన్నా, నేను..."

"ఒట్లు కూడానా? అబద్ధాలకోరు వెధవా!"

పెట్టె పోతుందన్న బాధ కంటే ఆ మాటే వేణుకి ఎక్కువ తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వైర్లన్నీ తనే విప్పి ఇచ్చాడు.

అంకమ్మరావు బావమరిదికి వినుకొండలో నెట్ సెంటర్ ఉంది. అటు వెళ్ళే లారీ ఒకటి పత్తి మిల్లు దగ్గర నిలబడి ఉంటే, కంప్యూటర్‌ని దాంట్లో ఎక్కించేశాడు. సుబ్బరావమ్మ పాలచెంబుతో ఇంట్లోకి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

"మీ తమ్ముడికి అవసరమంట. పంపించా," అన్నాడు. పుట్టింటి మాట కాబట్టి ఆవిడ సరేనని పాలు కాచబోయింది.

తర్వాతి రోజు రాత్రి సుబ్బరావమ్మ పెరుగు వడ్డించబోతే, అది పాలల్లే జారి కంచమంతా పారింది.

"ఇదేందే? నీ చేతి మహిమ ఇయ్యాల ఏమైంది?" అన్నాడు అంకమ్మరావు.

"నా చేతిలో ఏముంది? మహిమంతా ఆ కంప్యూటరుది. దాన్నేమో మీరు తమ్ముడికి పంపించేస్తిరి! రోజూ మధ్యాహ్నం మీట నొక్కి, తోడుపెట్టిన గిన్నె దాని నెత్తిన పెట్టి, పాత దూది బొంత కప్పబట్టేగా, మీరొచ్చేలోగా గడ్డకట్టేది!"