ఒకే పాట, రెండుసార్లు

“నాన్నా, ఈ పాట ముందే ఉందంటూ కంప్యూటర్ మళ్లీ మొండికేస్తోంది. రెండోది తీసి పారేస్తున్నా!” అంది కూతురు. తండ్రి పాడిన పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేసరికి ఆమె ఓపిక నశించింది.

“పాట ఒకటేనే తల్లీ. స్టూడియోలో ఒకసారి పాడాను, సభలో ఒకసారి.”

“పేరూ అదే, గొంతూ అదే! పైగా సభలో చరణం మధ్య మర్చిపోయి నోరు మూసుకున్నావు. అదెవరు వింటారు?”

తండ్రి విసురుగా స్టూడియో పాట పెట్టాడు. చరణం మధ్యలో అమ్మ గొంతు అందుకుంది.

“ఆ లైను తనది. సభనాటికి తను బతికి లేదు. నేనెలా పాడతానే?”

కూతురు తలదించుకుంది. కంప్యూటర్‌లో ఆ పాట పేరు కిందే సభలో పాడినదానికి వేరే చోటు చేసి, అక్కడా పాడినవారి దగ్గర అమ్మానాన్నలిద్దరి పేర్లూ కొట్టింది.