ఇత్తడి కట్టు

"ఎవడ్రా అది? దాని కింద ఏటి సేత్తన్నావు?"

పైడయ్య కేకకి విమానం కింద రెండు కాళ్లు కదిలాయి.

నడివయసు కొండమనిషి ఒకడు మెల్లగా బయటికి పాకి వచ్చాడు. చేతిలో ఇత్తడి తీగ, భుజాన చిన్న మూట. పెదవులు ఇంకా ఏదో గొణుగుతూనే ఉన్నాయి.

పైడయ్య అరకు కలప డిపోలో గుమస్తా. ఇంగ్లీషు పత్రికలో బొమ్మలు చూసి, వెదురూ గుడ్డా పాత మోటారుసైకిలు ఇంజనూ పెట్టి రెండేళ్లుగా విమానం కట్టాడు. డిపో అంతా కడుపుబ్బ నవ్వింది. మూడుసార్లు చేల మీదుగా ఎగిరి దిగేసరికి ఆ నవ్వులు ఆగాయి. ఎగిరిన ప్రతిసారీ అదురుకి నట్టులు వదులయ్యేవి. దిగాక అతనే మళ్లీ బిగించుకునేవాడు.

ఈ రోజు మాత్రం సరదాకి ఎగరడం లేదు.

కూతురు చిన్నమ్మలుకి మూడు రోజులుగా చలిజ్వరం. కొయినా మాత్ర మింగిస్తే వాంతి. సూదిమందు కొండ కింద శృంగవరపుకోట ఆసుపత్రిలో ఉంది. తుఫాను వానలకి ఘాటీ దారి విరిగిపడింది. అడవిలో నడిచి వెళ్లి రావాలంటే నాలుగు రోజులు.

పిల్లకి అంత గడువు లేదు. విమానానికైతే అరగంట.

"ఏటది?" పైడయ్య తీగ చూపించి అడిగాడు.

"కట్టు బాబూ."

పైడయ్య వంగి చూశాడు. నట్టుల నెత్తిన ఉన్న గాట్లలోంచి తీగ దూర్చి, ఒక నట్టుని పక్క నట్టుతో కలిపి మెలేసి ఉంది. తోక దగ్గర, రెక్కల దగ్గర, ఇంజను చుట్టూ.

భార్య అచ్చియమ్మ ఇంట్లోంచి పరుగున వచ్చింది.

"తెల్లారినకాడ్నించి ఇదే పనండీ. గొణుక్కుంటా కడతన్నాడు. సిల్లంగి కట్టేమో!"

చిల్లంగి, చేతబడి అంటే మామూలు రోజుల్లో పైడయ్య పగలబడి నవ్వేవాడు. మూడు రాత్రులు పిల్ల మంచం పక్కన కూర్చున్నవాడికి నవ్వు రాలేదు. భయం వేసింది.

"నిన్నెవరు కట్టమన్నార్రా?"

"ఎవులూ నేదు బాబూ. సంతకెల్తా సూసినాను. ఇలాటివి సానా కట్టినాను. కట్టు నేపోతే పడిపోద్ది."

చానా కట్టాడట! పైడయ్య ఒళ్లు మండిపోయింది.

"నా పిల్ల సావుబతుకుల్లో ఉంటే నాకే కడతావా కట్టు?"

చేతికందిన వెదురు కర్రతో వీపు మీద రెండు వేశాడు. కొండమనిషి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. విమానాన్నే చూస్తూ "తియ్యొద్దు బాబూ" అన్నాడు. మూడో దెబ్బకి మూట వదిలేసి డుంబ్రిగుడ వైపు పరుగెత్తాడు.

పైడయ్య పట్టకారు తీసుకుని కట్లన్నీ పీకేశాడు. లాగుతుంటే తీగతో పాటు నట్టులూ కాస్త తిరిగాయి. అది చూసుకునే ఓపిక ఎక్కడిది?

"బేగి ఎల్లండి. గుంట కళ్లు తేలేత్తంది!"

ఇంజను అందుకుంది. విమానం అదురుతూ పరుగెత్తి లేచింది. జీలుగు చెట్టంత ఎత్తుకి వెళ్లింది. అచ్చియమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

తోక పక్కకి వాలిపోయింది.

పసుపుపచ్చగా పూసిన వలిసె చేలో విమానం ముక్కు దిగబడింది.

పైడయ్య బతికాడు. ఎడమ చెయ్యి విరిగింది. పాక్కుంటూ తోక దగ్గరికి వెళ్లి చూశాడు. చుక్కానిని పట్టి ఉంచే బోల్టు చోట ఖాళీ చిల్లు ఉంది. ముందు పంకా ముక్కలైపోయింది. ఇక శృంగవరపుకోటకి వెళ్లేది లేదు.

ఇంట్లో చిన్నమ్మలు కళ్లు తెరవకుండా "నీళ్లు" అంటోంది. అచ్చియమ్మకి ఏడుపు కూడా రావడం లేదు.

వాకిట్లో తను పీకి పారేసిన తీగలు. పైడయ్య ఒకటి తీసి చూశాడు. ఎనిమిది మెలికలు. ఇంకొకటి తీశాడు. ఎనిమిదే. దేనికి చూసినా ఎనిమిదే.

ఆ గొణుగుడు ఏమిటో అప్పుడు అర్థమైంది. వాడు మెలికలు లెక్కపెట్టుకుంటున్నాడు.

గబగబా వాడు వదిలిపోయిన మూట విప్పాడు. గుప్పెడు చోళ్లు, సన్నమూతి పట్టకారు, ఇత్తడి తీగ చుట్ట, నూనెగుడ్డలో మడిచి దాచుకున్న ఇంగ్లీషు కాయితం.

"ఏటి రాసుందండీ అందులో?" అచ్చియమ్మ అడిగింది.

పైడయ్య కాయితం మడత విప్పి, తెలుగు చేసి చదివాడు. తను పేరైనా అడగని మనిషి పేరు అందులో మొదటి మాట.

"సోంబరు, ఫిట్టరు, యుద్ధ విమానాల షెడ్డు, బస్రా, 1918: మూడేళ్లలో ఇతను కట్టు కట్టిన విమానం ఒక్కటి కూడా నట్టు ఊడి కూలలేదు."