బెదురు

మా ఆయన జీవన్ పెంచుకోవడానికి విదేశీ కొండచిలువ పిల్లను ఎంచుకున్నాడు. పర్మిషన్ కూడా తెచ్చుకున్నాడు. అది రేపు వస్తుందని అద్దాల పెట్టెలో వెచ్చటి లైటు, నీళ్ల గిన్నె, దాక్కోవడానికి బోర్లించిన కుండపెంకు అమర్చాడు.

“వారం దాంక ఎవ్వలు ముట్టద్దమ్మా. కొత్త చోటు గదా, బెదురుతది. దాని ఇష్టంతోనే దగ్గరికి రావాలె,” అని అత్తమ్మకు చెప్పాడు.

“అయ్యో, నోరులేనిది!” అంది అత్తమ్మ.

నాకు ఈ ఇంట్లో కాపురం మొదలై నెలైంది. ఇంతవరకు ఎదురు మాట్లాడలేదు. మా గదిలోంచి నా దిండు తెచ్చి అత్తమ్మ మంచం మీద వేశాను.

“గదెందుకు గీడికి తెచ్చినవ్?” అన్నాడు.

“పాము సంగతి గంత తెలిసినోనివి, నేనొచ్చిన నాడు నా బెదురు తెల్వలేదా? నా ఇష్టం అయ్యేదాంక అత్తమ్మ పక్కనే పండుకుంట.”